ఫ్రెంచి సినిమా అంటే భయమెందుకు? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

నేను ఎడిటర్‌ని. పగలంతా సీరియళ్లు, యాడ్‌లు, అప్పుడప్పుడూ ఒక చిన్న సినిమా కట్ చేసుకుంటూ బతుకుతాను. నెలకో ఆదివారం సాయంత్రం మాత్రం అద్దె హాల్లో ప్రొజెక్టర్ పెట్టి పాతికముప్పై మందికి సినిమా వేస్తాను. పదకొండేళ్లుగా ఇదే అలవాటు. వేసినవాటిలో సగానికి పైగా ఫ్రెంచి సినిమాలే. వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పెట్టగానే ప్రతిసారీ అవే మాటలు. "అన్నా, ఫ్రెంచా? నిద్రొస్తుందేమో." "మాకు అర్థమవుతుందంటారా సార్?" ఇన్నాళ్లూ ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చాను. ఈసారి అన్నీ ఒకచోట రాసేస్తున్నా.

ముందు నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఈ భయం పుట్టించినవాళ్లలో నేనూ ఉన్నాను. మా మొట్టమొదటి షోకి, నాకెంత తెలుసో చూపించుకోవాలని, 1961లో అలెన్ రెనె తీసిన ‘లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాద్’ వేశాను. అందులో వాళ్లిద్దరూ కిందటేడాది అసలు కలుసుకున్నారా లేదా అన్నదే తేలదు. నలభైరెండు మంది వచ్చారు. టీ బ్రేక్ తర్వాత తొమ్మిది మంది మిగిలారు, అందులో ఇద్దరు మా బంధువులు. అక్షరాలు దిద్దించకుండానే పెద్దబాలశిక్ష చివరి పేజీ తెరిచి చదవమన్నట్టయింది.

అపోహ: అవన్నీ అవార్డు సినిమాలు, వాళ్ల దేశంలోనే జనం చూడరు

ఫ్రాన్స్‌లో సినిమా ఆడిందా లేదా అని చెప్పడానికి కోట్ల గ్రాస్ పోస్టర్లు వెయ్యరు. ఎన్ని టిక్కెట్లు తెగాయన్నదే లెక్క. ఆ లెక్కే చూద్దాం.

1966లో వచ్చిన ‘లా గ్రాండ్ వద్రూయ్’ అనే కామెడీకి 1 కోటి 70 లక్షల టిక్కెట్లు తెగాయి. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, జర్మన్ల చేతిలో ఉన్న పారిస్. పారాచూట్లలో దిగిపడ్డ బ్రిటిష్ వైమానికులను దాచిపెట్టి తప్పించాల్సిన పని ఒక చిరాకు మనిషైన ఆర్కెస్ట్రా కండక్టర్ మీదా, ఒక అమాయకపు పెయింటర్ మీదా పడుతుంది. కండక్టర్‌గా లూయి ద ఫ్యునెస్, పెయింటర్‌గా బూర్విల్. కొండ దిగుతూ ద ఫ్యునెస్ బూర్విల్ భుజాలెక్కి కూర్చునే సీను మా హాల్లో వేస్తే, భాష ముక్క రాని పిల్లలు కూడా పగలబడి నవ్వారు. రేలంగి, రమణారెడ్డి జోడీని చూసి పెరిగినవాళ్లకు ఆ ఇద్దరి గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఫ్రెంచి సినిమాల్లో ఆ రికార్డు నలభై ఏళ్లకు పైగా నిలిచింది. 2008లో దాన్ని కొట్టింది కూడా కామెడీయే. దక్షిణాదిన హాయిగా ఉన్న పోస్టాఫీసు మేనేజరుకు పనిష్‌మెంట్ కింద ఉత్తరాదికి ట్రాన్స్‌ఫర్ అవుతుంది. అక్కడి యాస అతనికి ఒక్క ముక్క అర్థం కాదు. అంతే కథ. అనంతపురం ఉద్యోగిని ఇచ్ఛాపురం పంపితే ఎలా ఉంటుందో అలా. ఆ ‘బియాన్వెన్యూ షే లె ష్తీ’కి 2 కోట్ల పైచిలుకు టిక్కెట్లు తెగాయి. ఆ తర్వాత 2011లో ‘ఆంతూషాబ్ల్’, 1 కోటి 94 లక్షలు. ఈ పేరు వినలేదంటారా? నాగార్జున చక్రాల కుర్చీలో కూర్చున్న ‘ఊపిరి’ దాని రీమేకే. మనవాళ్లు థియేటర్‌కి వెళ్లి, కళ్లు తుడుచుకుని బయటికొచ్చిన కథ అది. ఎవరూ దాన్ని ఆర్ట్ సినిమా అనలేదు.

ఆ మాటకొస్తే సినిమా అనేది మొదలైందే టిక్కెట్టుతో. 1895 డిసెంబర్ 28న పారిస్‌లోని గ్రాండ్ కాఫే కింది గదిలో లూమియేర్ సోదరుల బొమ్మలు చూడటానికి తలా ఒక ఫ్రాంకు ఇచ్చి 33 మంది కూర్చున్నారు. ఒక్కోటీ నిమిషం లోపే ఉండే పది బొమ్మలు. అందులో ఒకటి, తోటమాలి పైపును కుర్రాడు కాలితో తొక్కి, అతను పైపులోకి తొంగిచూడగానే కాలు తీసేసేది. అంటే మొదటి రోజే కామెడీ ట్రాక్ ఉంది.

అపోహ: రైలు బొమ్మ చూసి జనం భయంతో పారిపోయారు

ప్రతి ఫిల్మ్ స్కూల్లోనూ చెప్పే కథ. నేనూ కొన్నేళ్లు చెప్పాను. కానీ రైలు స్టేషన్‌కొచ్చే ఆ బొమ్మ డిసెంబర్ 28 నాటి పదింటిలో లేనే లేదు. తర్వాత వేసినప్పుడు జనం కుర్చీలు వదిలి పరుగెత్తారని చెప్పడానికి నమ్మదగ్గ ఆధారమూ లేదు. అబ్బురపడి ఉంటారు, అంతవరకు సరే. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్‌కి అదే లూమియేర్ యంత్రం వచ్చింది, టిక్కెట్టు ఒక రూపాయి. పారిస్‌కీ మనకీ మధ్య తేడా పట్టుమని ఏడు నెలలు లేదు.

అపోహ: స్లో. ఏమీ జరగదు

ఈ మాట అన్నవాళ్లకు నేను ‘రిఫిఫి’ వేస్తాను. 1955 సినిమా. తీసిన జూల్స్ దాసిన్ అమెరికన్. కమ్యూనిస్టు ముద్ర పడి హాలీవుడ్‌లో పని దొరక్క యూరప్ వచ్చినవాడు.

నలుగురు దొంగలు ఒక నగల షాపు పైఅంతస్తులో ఉన్న ఫ్లాట్‌లోకి రాత్రి చొరబడి, నేలకు కన్నం వేస్తారు. దాదాపు అరగంట సీను. ఒక్క డైలాగ్ లేదు, మ్యూజిక్ లేదు. చిన్న కన్నం పడగానే అందులోంచి మూసిన గొడుగు కిందికి దింపి, దాన్ని షాపు లోపల విప్పుతారు. పైనుంచి రాలే పెచ్చులు నేల మీద పడి చప్పుడు కాకుండా ఆ గొడుగులో పడాలి. అలారం గంట మోగకుండా దానిలోకి మంటలార్పే సిలిండర్ నురగ కొడతారు. సుత్తి దెబ్బ వినపడకుండా గుడ్డ చుడతారు. మా హాల్లో ఈ సీను నడుస్తుండగా ఒకాయనకు దగ్గొస్తే, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాడు. తాను దగ్గితే దొంగలు దొరికిపోతారేమో అన్నంత టెన్షన్!

నా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. సంగీత దర్శకుడు జార్జ్ ఓరిక్ ఈ సీనుకు రీరికార్డింగ్ చేసిపెట్టాడు. దాసిన్ ఆయనకు మ్యూజిక్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి వేసి చూపించాడు. తీసెయ్యమన్నది ఓరిక్కే. ఇప్పుడు నేను కూర్చునే ఎడిట్ సూట్‌లో రెండు సెకన్లు సౌండ్ ఆగితే "ట్రాక్ మిస్సయిందేంటి?" అని ప్రొడ్యూసర్ తల తిప్పి చూస్తాడు.

ఇది చూశాక యాక్షన్ ఇంకా కావాలనేవాళ్లకు 1953 నాటి ‘వేజెస్ ఆఫ్ ఫియర్’ వేస్తాను. గుంతల రోడ్డు మీద నైట్రోగ్లిజరిన్ నింపిన లారీలు. కుదుపు తగిలితే పేలిపోతాయి. ఇంతకన్నా ఒక్క ముక్క చెప్పను.

అపోహ: న్యూవేవ్ వాళ్లు స్క్రిప్టు లేకుండా తోచినట్టు తీశారు, జంప్ కట్‌ను పెద్ద సిద్ధాంతంతో కనిపెట్టారు

న్యూవేవ్ అంటే 1950ల చివర గొదార్, త్రుఫో లాంటి ఫ్రెంచి కుర్ర దర్శకులు తెచ్చిన కొత్త ఒరవడి. జంప్ కట్ అంటే ఒకే షాట్ మధ్యలో ముక్క కోసేసి, బొమ్మ ఎగిరి దూకినట్టు కనిపించేలా అతకడం. దీని మీద ఎక్కువ రాస్తాను, ఏమీ అనుకోవద్దు. నా కడుపు నింపే పని ఇది.

1960లో వచ్చిన గొదార్ ‘బ్రెత్‌లెస్’లో ఓపెన్ టాప్ కారు సీను ఉంటుంది. కెమెరా హీరోయిన్ జీన్ సీబర్గ్ తల వెనక నుంచి చూస్తుంటుంది. పక్కన కారు నడుపుతున్న హీరో బెల్మోందో ఆమె మెడ, మణికట్టు, నుదురు, మోకాళ్లు అంటూ ఒక్కోదాన్నీ పొగుడుతుంటాడు. ప్రతి ముక్కకీ ఒక కట్. ఆమె తల దాదాపు అక్కడే ఉంటుంది, వెనక పారిస్ వీధి మాత్రం మారిపోతుంటుంది. ఎండ, నీడ, ఆగిన కారు, మళ్లీ ఎండ. మా ట్రెయినీలు ఇలా కట్ చేసి తెస్తే "జర్క్ వస్తోంది, సరిచెయ్" అంటాను. అదే జర్క్ ఇక్కడ సినిమాకు గుండెచప్పుడయింది.

ఎందుకలా కట్ చేశారు? గొదార్ తర్వాత చెప్పుకున్నదాని ప్రకారం, సినిమా గంటన్నర దాటకూడదని ఒప్పందం. కూర్చిచూస్తే దానికంటే చాలా ఎక్కువ వచ్చింది. సీన్లు ఎత్తేసే బదులు షాట్ల లోపలే కోయడం మొదలుపెట్టారు. కారులో ఇద్దరి షాట్లూ కొంచెం కొంచెం తగ్గించే బదులు ఒకరివి పూర్తిగా తీసేద్దామనుకుని బొమ్మా బొరుసా వేశారట. సీబర్గ్ మిగిలింది. ఎడిటర్ సెసిల్ దెక్యుజి. జంప్ కట్ మీద వచ్చిన వ్యాసాల్లో ఆమె పేరు మాత్రం ఎక్కడో మూలన ఉంటుంది, మా జాతకమే అంత.

ఇక తోచినట్టు తీయడం గురించి. గొదార్ డైలాగులు ఏ రోజువి ఆ రోజు రాసిన మాట నిజం. కానీ కథ చట్రం త్రుఫో ముందే రాసిచ్చాడు. కెమెరామన్ రౌల్ కుతార్ ఇండోచైనా యుద్ధంలో ఫొటోలు తీసి వచ్చినవాడు. చీకట్లో లైట్లు లేకుండా తీయాలంటే చాలినంత స్పీడున్న సినిమా ఫిల్మ్ దొరక్క, స్టిల్ కెమెరాల కోసం అమ్మే ఇల్‌ఫర్డ్ రీళ్లు కొని ఒకదానికొకటి అతికించుకున్నారు. ట్రాలీ పట్టాలకు బదులు చక్రాల కుర్చీలో కుతార్‌ని కూర్చోబెట్టి తోశారు. వాడిన కెమెరా చప్పుడు ఎక్కువ కాబట్టి లైవ్ సౌండ్ కుదరదు. గొదార్ పక్కనుంచి డైలాగ్ అందిస్తుంటే నటులు చెప్పారు, తర్వాత అంతా డబ్బింగ్. ప్రాంప్టింగ్, డబ్బింగ్! ఇది మన ఫిలింనగర్‌లో ఎవరికి కొత్త? ఫ్రాన్స్‌లో 20 లక్షల పైన టిక్కెట్లు కూడా తెగాయి.

అందరూ అలాగే తీశారనుకోవడం కూడా పొరపాటే. త్రుఫో ‘400 బ్లోస్’ను మార్సెల్ ముస్సీ అనే రచయితతో కూర్చుని పద్ధతిగా రాసుకుని తీశాడు. 1959 కాన్ సినిమా ఉత్సవంలో దర్శకుడి బహుమతి దానికే.

ఇంకొకటి. న్యూవేవ్ అనగానే సిగరెట్ కాల్చే ఐదారుగురు కుర్రాళ్ల ఫొటో పెడతారు. వాళ్లకంటే నాలుగేళ్ల ముందే, 1955లో, ఆనియెస్ వర్దా అనే ఫొటోగ్రాఫర్ సెత్ అనే రేవు ఊళ్లో చేపలు పట్టేవాళ్ల మధ్య ‘లా పాంత్ కూర్త్’ తీసేసింది. దాన్ని ఎడిట్ చేసింది నేను పైన చెప్పిన రెనె. వర్దా 1962లో తీసిన ‘క్లియో ఫ్రమ్ 5 టు 7’ గంటన్నర సినిమా, కథ నడిచే సమయమూ గంటన్నరే. క్యాన్సర్ రిపోర్టు కోసం ఎదురుచూస్తున్న ఒక సింగర్ ఆ సాయంత్రమంతా పారిస్‌లో తిరుగుతుంది. డాక్టర్ ఫోన్ కోసం ఎదురుచూసిన అనుభవం ఉన్నవాళ్లకు పరిచయ వాక్యాలు అక్కర్లేదు.

అపోహ: గవర్నమెంటు డబ్బులిస్తుంది, అందుకే ఎలాంటివైనా తీస్తారు

సగం నిజం. ఫ్రాన్స్‌లో ప్రతి సినిమా టిక్కెట్టు మీదా 10.72 శాతం పన్ను ఉంది. అది 1946లో పెట్టిన సీఎన్‌సీ అనే సంస్థ నడిపే నిధిలోకి వెళ్లి, మళ్లీ సినిమాకే వస్తుంది. హాలీవుడ్ సూపర్‌హీరో సినిమా ఆడినా ఆ వాటా కోస్తారు. పారిస్‌లో మన తెలుగు సినిమాకు టిక్కెట్టు తెగినా కోస్తారు. టీవీ చానెళ్లు, ఓటీటీలు కూడా కట్టాలి. ఆ నిధిలోంచి నిర్మాతకు తన సినిమా ఆడినదాన్ని బట్టి కొంత వస్తుంది, కానీ దాన్ని మళ్లీ సినిమాలోనే పెట్టాలి. కొత్తవాళ్ల స్క్రిప్టులు చదివి కమిటీ ఇచ్చే అడ్వాన్సు వేరే. ఓటీటీకీ గేటు ఉంది. 2022 ఒప్పందంలో నెట్‌ఫ్లిక్స్‌కు థియేటర్ రిలీజ్ తర్వాత 15 నెలల గడువు పెట్టారు. మన దగ్గర నాలుగు వారాలా ఎనిమిది వారాలా అని కొట్టుకుంటున్నాం.

దీనివల్ల చెత్త సినిమాలు రావని కాదు. బోలెడు వస్తాయి. నేను చూసి తిట్టుకున్నవాటితో ఇంకో వ్యాసం అవుతుంది.

అపోహ: గొప్పదంతా పాత నలుపు తెలుపుల్లోనే

2024లోనే వికలాంగుల సమ్మర్ క్యాంప్ మీద తీసిన కామెడీ ఒకటి కోటి టిక్కెట్లు దాటింది, ‘కౌంట్ ఆఫ్ మాంటె క్రిస్టో’ 90 లక్షలు దాటింది. పిల్లలున్న ఇంటికి సెలీన్ సియామా ‘పెటీట్ మమా’ చెబుతాను. నిడివి 72 నిమిషాలే. అమ్మమ్మ పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఎనిమిదేళ్ల పాప అడవిలో తన ఈడు పిల్లగా ఉన్న తన తల్లినే కలుస్తుంది. గ్రాఫిక్స్ లేవు. చెట్టు కొమ్మలతో ఇద్దరూ ఒక గుడిసె కట్టుకుంటారు. కోర్టు డ్రామాలు నచ్చేవాళ్లకు జస్టిన్ త్రియే ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’ ఉంది. 2023 కాన్‌లో అన్నిటికన్నా పెద్ద బహుమతి పామ్ డోర్ గెలిచింది, అందులో నటించిన కుక్కకు కూడా అక్కడ వేరే బహుమతి ఇచ్చారు.

అపోహ: ఫ్రెంచి రాకపోతే సగం పోతుంది

నాకూ రాదు. పదకొండేళ్లలో నేర్చుకున్నది ముప్పై మాటలు. కొంత పోతుంది, ఒప్పుకుంటాను. ‘అనాటమీ ఆఫ్ ఎ ఫాల్’లో జర్మన్ హీరోయిన్ ఫ్రెంచి కోర్టులో ఫ్రెంచిలో మొదలుపెట్టి, మాట అందక ఇంగ్లిషులోకి జారుతుంది. కింద అక్షరాలు మాత్రం ఒకేలా నడుస్తుంటాయి. చెవి అటు వెయ్యకపోతే ఆమె ఇబ్బంది మనకు తెలియదు.

కానీ ఒక్క విషయంలో ఇంగ్లిషువాళ్లకంటే మనమే నయం. ఫ్రెంచిలోనూ మీరు, నువ్వు ఉన్నాయి. ‘వూ’ అంటే మీరు, ‘త్యూ’ అంటే నువ్వు. ఇంగ్లిషు సబ్‌టైటిల్ రెండిటికీ ఒకటే మాట వేస్తుంది. ఎప్పుడు మీరులోంచి నువ్వులోకి దిగారో తెలుగు చెవికి ఇట్టే తెలుస్తుంది, ఆ రెండు శబ్దాలు ముందే చెప్పి ఉంచితే చాలు.

సియామాదే ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్’ వేసినప్పుడు నేను చేసింది ఇదే. 18వ శతాబ్దం, సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఇల్లు. పెళ్లి సంబంధం కోసం పంపాల్సిన బొమ్మ గీయడానికి ఒక చిత్రకారిణి వస్తుంది. గీసే ఆమెకూ, గీయించుకునే ఆమెకూ మధ్య ప్రేమ పుడుతుంది. అంత దగ్గరైనా ఇద్దరూ ‘మీరు’ అనే పిలుచుకుంటారు. చివర చిత్రకారిణి వెళ్లిపోతూ మెట్లు దిగి తలుపు దాకా వస్తుంది. వెనక నుంచి ఆ అమ్మాయి గొంతు. రతూర్న్-త్వా. తిరిగి చూడు.

మా హాల్లో మూడో వరసలో కూర్చునే రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ ఉన్నారు. ఫ్రెంచి సినిమా అంటే నిద్రొస్తుందేమో అని ఎప్పుడూ నాతో వాదించేది ఆవిడే. చీకట్లో ఆవిడ గొంతు అందరికీ వినపడింది. "అయ్యో, చూడండి అనలేదు. చూడు అంది."