కిర్రు పోయింది, వాలు పోలేదు

చిన్నూ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. ఇద్దరూ పోట్లాడుకోకుండా ఒకే ప్రశ్న అడిగారు, అందుకే ఈసారి జవాబు పెద్దదే రాస్తున్నాను. "డ్రైవరు వైపు తలుపు కిర్రుమంటుంటే నాన్న నూనె కొట్టాడు. కిర్రు పోయింది. కానీ తలుపు కాస్త పైకెత్తి నెడితే గానీ పడటం లేదు. నూనె చాలలేదా తాతయ్యా?" అన్నారు కదా.

నూనె చాలక కాదర్రా. ఆ తలుపుకి రెండు జబ్బులున్నాయి. మీ నాన్న ఒకదానికే మందు వేశాడు.

నా మోకాలు సంగతి మీకు తెలుసు. తొడ ఎముకా కాలి ఎముకా కలిసే చోట ఒకదానికొకటి రాసుకోకుండా మధ్యలో నున్నటి మెత్తటి పొర ఉంటుంది. తేమగా ఉంచడానికి జిగురు జిగురుగా కాస్త ద్రవమూ ఉంటుంది. కారు తలుపుకీ మోకాళ్ళున్నాయి, ఒకదాని కింద ఒకటి, రెండు. వాటినే మడతబందులంటాం. బందుకున్న ఒక రెక్కని కారుకి, రెండో రెక్కని తలుపుకి బిగిస్తారు. రెండిట్లోంచీ ఒక ఉక్కు సీల దిగి ఉంటుంది. సీల చుట్టూ సన్నటి గొట్టం ముక్క ఒకటి ఉంటుంది, మెకానిక్కులు బుష్షు అంటారు. అదే మోకాల్లోని మెత్తటి పొర. చాలా కార్లలో దాన్ని కావాలనే సీల కన్నా మెత్తటి సరుకుతో చేస్తారు, ఇత్తడో కంచో. అరిగే పని తను పెట్టుకుని సీలని కాపాడుతుందన్నమాట. ఇక గ్రీజే మోకాల్లోని జిగురు.

ఆ గ్రీజు ఎండిపోయిందనుకోండి. లోహం లోహాన్ని పట్టుకుంటుంది, మనం తలుపు లాగేసరికి జారుతుంది, వెంటనే మళ్ళీ పట్టుకుంటుంది. ఇలా సెకనుకి కొన్ని వందల సార్లు. ఆ వణుకు తలుపు రేకంతా పాకి మన చెవికి కిర్రుమని వినిపిస్తుంది. చాలాసార్లు మెల్లగా తీస్తేనే ఎక్కువ అరుస్తుంది. నా మోకాలు టకటకమంటుందే గానీ ఎప్పుడూ కిర్రుమనలేదు, అక్కడ మాత్రం నా పోలిక కుంటుతుంది. పోనివ్వండి.

మా అమ్మకి కుట్టు మిషను ఉండేది. దానికి నూనె వేసే రోజు నాకు పండగే. అడుగు నొక్కితే టక్కుమని ఒక్క చుక్క రాల్చే బుడ్డి డబ్బా ఉండేది. దాని కోసం బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చేవాణ్ణి. కానీ అమ్మ ముందు డబ్బా ఇచ్చేది కాదు, సూదీ గుడ్డపీలికా ఇచ్చేది. ప్రతి కన్నంలోంచీ నూలుపోగులు లాగాలి, తుడవాలి, అప్పుడు ఒక్క చుక్క. "మురికి తియ్యకుండా నూనె వేస్తే మురికికి వేసినట్టే" అనేది. రెండో చుక్కకి నేను బతిమాలుతుంటే మిషను చక్రం తిప్పమనేది. ఆ ఒక్క చుక్కే లోపలికంతా పాకుతుందని చూపించడానికి. పెద్దయ్యాక నేను చూసిన మెకానిక్కుల్లో అంత ఓపిక కొద్దిమందికే ఉంది.

తలుపుకీ అంతే. ముందు మడతబందు మీద దుమ్మూ పాత నల్లటి జిడ్డూ తుడవాలి. తుప్పు పట్టి ఉంటే డబ్ల్యూడీ-40 లాంటి పల్చటి నూనె కొట్టి కాసేపు వదిలెయ్యాలి. 1953లో పుట్టిన ఆ డబ్బా పేరుకి అర్థమే నీటిని నెట్టేసే నలభయ్యో ప్రయత్నమని. తుప్పు వదిలించడానికి మంచిదే, కానీ పల్చన, ఎక్కువ రోజులు నిలవదు. దాని మీద తెల్ల లిథియం గ్రీజు పట్టించి, తలుపు పదిసార్లు తీసి మూసి, పైకొచ్చినదంతా తుడిచెయ్యాలి. మిగిలిన గ్రీజుకి దుమ్ము అంటుకుంటే అదే గరుకై లోపల అరగదీస్తుంది. అంచున ఉండే రబ్బరుకి మాత్రం గ్రీజు రాయకండి, ఉబ్బిపోతుంది.

ఇదంతా మొదటి జబ్బుకి మందు. రెండోది బుష్షు అరగడం. అరిగిన లోహాన్ని ఏ నూనే తిరిగి తేలేదు. నొప్పి మాత్ర వేసుకుంటే నాకు మెట్లెక్కడం తేలికవుతుంది, అంతమాత్రాన మోకాల్లో అరిగిన పొర మళ్ళీ మొలవదు కదా. నోరు మూయించడం వేరు, బాగుచెయ్యడం వేరు. మనుషుల విషయంలోనూ ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

అరిగింది గోరంతే, వాలింది మాత్రం కళ్ళకి కనపడేంత. ఎందుకో లెక్క కట్టండి. తలుపు బరువుకి పై బందు బయటికి లాగబడుతుంది, కింది బందు లోపలికి నెట్టబడుతుంది. రెండిటి మధ్య దూరం 40 సెంటీమీటర్లు, తలుపు పొడవు 100 అనుకుందాం. పై బందులో 1 మిల్లీమీటరు వదులైతే తలుపు చివర రెండున్నర మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. తలుపు గొళ్ళేనికి కారు వైపున్న కొక్కెం అందకపోవడానికి అది చాలు. కొందరు ఆ కొక్కేన్నే కిందికి జరిపి బిగిస్తారు. తలుపు పడుతుంది, బుష్షు అరుగుతూనే ఉంటుంది, కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికొస్తుంది. నాకు నచ్చని పని అది.

సరైన పని బుష్షు మార్చడం. తలుపు కింద జాకీ పెట్టి, మధ్యలో చెక్కా మెత్తటి గుడ్డా ఉంచి, బరువంతా దాని మీద ఆనించి, ఒక్కో బందు సీల తీసి, పాత బుష్షు తట్టి బయటికి లాగి కొత్తది దించుతారు. రెండు సీలలూ ఒకేసారి తియ్యరు. కొన్ని కార్లలో బుష్షు విడిగా దొరకదు, బందు మొత్తం మార్చాలి. మోకాళ్ళకీ ఇప్పుడు డాక్టర్లు ఇదే చేస్తున్నారు. అరిగిన చోట లోహం తొడిగి, మధ్యలో పాలిఎథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క పెడతారు. అంటే బుష్షే! నా వంతు వచ్చినప్పుడు మీరొచ్చి డాక్టరుకి లెక్క చెప్పండి.

ఈ పని మీరు చెయ్యకండి, నాన్న పక్కన నిలబడి చూడండి. తలుపు కదులుతుండగా బందు దగ్గరి సందులో వేలు పెట్టారో, నేను ఉత్తరాలు రాయడం మానేస్తాను.

మీరు చెయ్యగల పని ఒకటుంది. కారు ఆగి ఉన్నప్పుడు డ్రైవరు తలుపు సగం తెరవండి. చిన్నూ చివర పట్టుకుని మెల్లగా పైకెత్తాలి, బుజ్జి దూరంగా నిలబడి టార్చి వేసి బందుల వైపు చూడాలి. సీల దగ్గర కదలిక కనిపిస్తోందా? పై బందులోనా, కింది దాంట్లోనా? బందు కింద ఎర్రటి పొడేమైనా రాలిందా? తర్వాత వెనక తలుపుని కూడా అలాగే ఎత్తి చూడండి. అది రోజుకి ఎన్నిసార్లు తెరుస్తున్నారో, డ్రైవరు తలుపు ఎన్నిసార్లో ఒక వారం గీతలు గీసి లెక్కపెట్టండి. రెండూ ఒకే కాగితం మీద రాసి పంపండి.

మీ తాతయ్య