గూగుల్ ఉండగా గ్రంథాలయంలో వర్క్‌షాపు ఎందుకు? కొన్ని అపోహలు, వాస్తవాలు

పరిశోధన నైపుణ్యాల మీద వర్క్‌షాపు పెడుతున్నామని గ్రంథాలయం నోటీసు అంటించగానే మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘సర్టిఫికెట్ ఇస్తారా?’. ఇస్తాం. ఆ తర్వాత వినిపించే మాటలే అసలు పట్టించుకోవలసినవి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులతో రోజూ మసలే గ్రంథాలయ ఉద్యోగిగా వాటికి నా జవాబులు ఇవి.

అపోహ: గూగుల్‌లో అన్నీ దొరుకుతాయి. వెతకడం కూడా ఒకరు నేర్పాలా?

దొరుకుతాయి, సరైన మాట తెలిసినవారికి. ఒంగోలు జాతి పశువుల మీద పనిచేస్తున్న విద్యార్థి ఇంగ్లిష్‌లో ‘ఒంగోలు’ అని మాత్రమే టైపు చేస్తే మన దేశంలో అచ్చయిన వ్యాసాలే ఎక్కువగా కనిపిస్తాయి. ఈ జాతి బ్రెజిల్‌లో విస్తారంగా పెరుగుతోంది. అక్కడ దాని పేరు ‘నెలోర్’. మన నెల్లూరు పేరే, కాకపోతే ఇంగ్లిష్‌లో ఒక ‘ఎల్’ తక్కువ. మేత మీద, పునరుత్పత్తి మీద, జన్యువుల మీద జరిగిన పరిశోధన కుప్పలుతెప్పలుగా ఆ పేరు కిందే ఉంది. ఆ ఒక్క మాట తెలియక ‘నా అంశం మీద ఎవరూ పనిచేయలేదు’ అని సినాప్సిస్‌లో ధీమాగా రాసేస్తారు. గైడు కూడా తలూపితే ఇక చెప్పేదేముంది!

వనామీ రొయ్యల సంగతీ అంతే. కొందరు రచయితలు పీనియస్ వనామీ అంటారు, కొందరు లిటోపీనియస్ వనామీ అంటారు. రెండు పేర్ల మధ్య ఇంగ్లిష్‌లో ‘ఆర్’ (OR) అని పెద్ద అక్షరాల్లో పెట్టి, ఒక్కో పేరునూ కొటేషన్ గుర్తుల్లో ఉంచితే రెండు రకాల వ్యాసాలూ ఒకేసారి వస్తాయి. దీన్ని చేసి చూపించడానికి పది నిమిషాలు చాలు. ఏయే మాటలతో వెతకాలో జాబితా రాయించడానికే పూట గడిచిపోతుంది. వర్క్‌షాపులో అసలు పని అదే.

చరిత్ర, అర్థశాస్త్రం విద్యార్థులకు ఇంకో చిక్కు ఉంది. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ ఏడు గుంటూరు జిల్లాలోకి వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. 2022 విభజనలో చీరాల బాపట్ల జిల్లాకు పోయింది. కాబట్టి ఒంగోలు జనాభా లెక్కలు 1901కి నెల్లూరు సంపుటంలోనూ, 1911 నుంచి 1961 వరకు గుంటూరు సంపుటాల్లోనూ చూడాలి. 1905లో అచ్చయిన నెల్లూరు జిల్లా శాసన సంపుటాల్లో ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి శాసనాలు కూడా ఉన్నాయి. ‘ప్రకాశం’ అని వెతికితే వీటిలో ఒక్కటీ తగలదు. జిల్లా సరిహద్దు మారిన సంవత్సరాన్ని పట్టించుకోకుండా గ్రాఫు గీసి, జనాభా ఒక్కసారిగా పడిపోయిందని కారణాలు వెతికినవారూ ఉన్నారు.

అపోహ: కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో ఇతరుల రాతలతో సారూప్యత 10 శాతం లోపు వస్తే సిద్ధాంత గ్రంథం శుభ్రంగా ఉన్నట్టే.

2018 నాటి యూజీసీ నిబంధనల్లో 10 శాతం వరకు శిక్ష లేదన్నది నిజమే. 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలల లోపు సరిచేసి మళ్లీ సమర్పించాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అయితే ఆ అంకె చెప్పేది సాఫ్ట్‌వేర్‌కు ఎంత కనిపించిందన్నదే. పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు గ్రంథాన్ని అందులో వేస్తే, తెర మీద మనకు తెలుగే కనబడినా లోపల ఉన్నవి వేరే సంకేతాలు. వాటిని అది దేనితోనూ పోల్చలేదు. రెండు శాతం వచ్చిందని మిఠాయిలు పంచేవాళ్లను చూస్తే ఏమనాలో తోచదు. ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు, పొల్లులు సరిచూసుకున్నాకే పరీక్షకు పంపాలి. మన దేశపు సిద్ధాంత గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో పెట్టాక మీ పనిని ఇతరులు వెతికి పట్టుకోవాలన్నా యూనికోడే దిక్కు.

ఖరీదైన పత్రికలు మనకు అందవన్నది ఇంకో మాట. కొన్నేళ్ల కిందట అయితే ఒప్పుకునేవాణ్ని. 2025 జనవరి నుంచి ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకం కింద కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల పత్రికలు సుమారు 13,000 అందుబాటులోకి వచ్చాయి. పీజీ విద్యార్థులూ వాడుకోవచ్చు. ప్రైవేటు కళాశాలలో చదివేవారికి ఈ దారి లేకపోయినా శోధ్‌గంగలోని సిద్ధాంత గ్రంథాలు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు.

అపోహ: చాట్‌బాట్‌ను అడిగితే రెఫరెన్సుల జాబితా తయారు.

జాబితా తయారవుతుంది, అందులోని వ్యాసాలు నిజంగా ఉంటాయన్న హామీ లేదు. మార్కాపురం పలకల పరిశ్రమ మీద ఒక విద్యార్థి తెచ్చిన జాబితాను అందరి ముందూ తెర మీద పెట్టి పరీక్షించాం. పత్రిక నిజం, సంపుటం నిజం. ఆ పేజీ తెరిస్తే అక్కడ వేరే దేశపు బ్యాంకుల మీద వ్యాసం ఉంది. రచయిత పేరుతో వెతికితే అలాంటి మనిషి చేసిన పనే లేదు. ప్రతి వ్యాసానికీ 10తో మొదలయ్యే డీఓఐ సంఖ్య (వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు) ఉంటే దాన్ని డీఓఐ వెబ్‌సైట్‌లో వేసి చూడాలి. లేకపోతే పత్రిక విషయసూచికలో చూడాలి. అంశాన్ని అర్థం చేసుకోవడానికి, వెతకవలసిన మాటలు రాబట్టడానికి చాట్‌బాట్ పనికొస్తుంది. ఆధారంగా మాత్రం పనికిరాదు.

రెఫరెన్సుల సంగతి చివర్లో చూసుకుందామనేవారికి, వాటిని సేకరించి వరుసగా అమర్చే జొటేరో సాఫ్ట్‌వేర్ చూపిస్తాం. ఉచితం, 2006 నుంచి ఉంది. కానీ దాన్ని గుడ్డిగా నమ్మకూడదు. మన ఇంటిపేరు ముందుంటుంది, సాఫ్ట్‌వేర్ చివరి మాటను ఇంటిపేరు అనుకుంటుంది. దాంతో గ్రంథసూచి నిండా రావులు, రెడ్డిలు, కుమార్‌లే వరుస కడతారు. ఏ రావు ఎవరో పరీక్షకుడికి తెలియదు. ప్రతి పేరునూ చేత్తో సరిచేయాలి. మీ పేరును ఇతరులు ఇలాగే కలగాపులగం చేయకుండా మొదటి వ్యాసానికి ముందే పరిశోధకులను విడివిడిగా గుర్తించే 16 అంకెల ఆర్కిడ్ సంఖ్య తీసుకోండి, అదీ ఉచితమే.

కంప్యూటర్ బాగా వచ్చినవారికే ఈ వర్క్‌షాపులన్నది నిజం కాదు. పీహెచ్‌డీ వారికే అన్నదీ కాదు. ప్రాజెక్టు రాయబోయే డిగ్రీ విద్యార్థి వస్తే మాకు ఇంకా సులువు, విడిపించవలసిన అలవాట్లు తక్కువ. లాప్‌టాప్ లేకపోతే గ్రంథాలయంలో కంప్యూటర్లు ఉన్నాయి. మీరు తేవలసింది మీ అంశాన్ని మీ మాటల్లో రెండు వాక్యాలుగా రాసిన కాగితం. దాని కింద ఆ అంశానికి మీకు తెలిసిన ఇతర పేర్లు, పాత పేర్లు, ఇంగ్లిష్ స్పెల్లింగులు రాసుకొస్తే మొదటి గంటలోనే పనిలో పడవచ్చు.