ఎందుకో తెలిసిన చిట్కా

ప్రియమైన పిల్లలకు,

పోయిన వారం మీలో ఒకరు ఫోను చేసి, "అమ్మమ్మా, ఎవరూ వాడని చివరి బాత్రూములో మురుగు వాసన వస్తోంది. పరిమళాలు చల్లాం, కిటికీ తెరిచి పెట్టాం, అయినా పోవడం లేదు" అన్నారు. "నీళ్లు పోయే జాలీలో ఒక చెంబు నీళ్లు పోయండి" అన్నాను. మర్నాటికి వాసన పోయింది. మీరు సంతోషించారు గానీ, ఎందుకు పోయిందో చెప్పకుండా ఫోను పెట్టేశానని నాకు వెలితిగా ఉండిపోయింది. ఈ ఉత్తరం అందుకే.

వంటింటి సింకు కిందికి వంగి చూడండి. గొట్టం తిన్నగా దిగదు, ఒక వంపు తిరిగి వెళుతుంది. ఆ వంపులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచి ఉంటాయి. మురుగు గొట్టంలోని గాలిని ఇంట్లోకి రానీయకుండా ఆపేవి ఆ కాసిని నీళ్లే. బాత్రూములో జాలీ కిందా ఇదే ఏర్పాటు. వారాల తరబడి వాడకపోతే నీళ్లు ఆవిరైపోతాయి, దారి తెరుచుకుంటుంది. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లండ్ గడియారాల పనివాడు మరుగుదొడ్డికి 'ఎస్' అక్షరంలా వంగిన గొట్టం అమర్చి పేటెంటు తీసుకున్నాడు. ఎంత గొప్ప ఆలోచనో చూడండి! చాలా రోజులు ఊరికి వెళ్లేటప్పుడు ఆ నీళ్ల మీద రెండు చెంచాల నూనె పోస్తే తొందరగా ఆరిపోవు.

మీరు రోజూ ఎక్కడెక్కడి నుంచో చిట్కాలు పంపి "ఇది నిజమేనా?" అని అడుగుతుంటారు. కారణం తెలిస్తే నన్ను అడగనక్కర్లేదు. పైగా, కారణం తెలియని చిట్కా ఒక్కోసారి కీడు చేస్తుంది.

కెటిల్ అడుగున, కుళాయి మూతి చుట్టూ పేరుకునే తెల్లటి పొరనే తీసుకోండి. సబ్బు నురగ సరిగా రాని కఠిన జలంలోని కాల్షియం అలా గడ్డకడుతుంది. పీచుతో ఎంత రుద్దినా రాదు. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి కెటిల్లో పోసి, వేడి చేసి, అరగంట వదిలేయండి. అంతసేపూ మూత తీసి చూడాలనిపిస్తుంది, చూడండి కూడా. పొర మీద సన్నటి బుడగలు వరుసగా లేస్తుంటాయి. పులుపు ఆ రాతిపొరను కరిగిస్తుంటే బొగ్గుపులుసు వాయువు బయటికి వస్తోందన్నమాట. బుడగలు ఆగినా ఇంకా పొర మిగిలి ఉంటే ఆ నీళ్లు పారబోసి మళ్లీ పోయండి. చివర రెండుసార్లు కడిగి, ఒకసారి మంచినీళ్లు కాచి పారబోస్తే చాలు. కుళాయికైతే వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఉంచాలి.

ఇది చదివి ఉత్సాహంగా పాలరాతి గట్టు మీద కూడా వెనిగర్ పోసేరు, జాగ్రత్త! పాలరాయి కూడా ఆ తెల్లపొర జాతిదే. కెటిల్లో పొరను కరిగించిన పులుపు గట్టు మీది నునుపునూ తినేస్తుంది. నిమ్మరసమైనా అంతే. పాలరాతికి కాస్త సబ్బునీళ్లు, పొడిగుడ్డ చాలు.

వెనిగర్, వంట సోడా కలిపి వాడమని చెప్పే చిట్కా ఒకటి ఉంది. బుసబుసా పొంగుతుంది కాబట్టి ఏదో గొప్ప పని జరుగుతోందనిపిస్తుంది. నిజానికి ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం. రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఒకటి చంపుకుంటాయి, మిగిలేది ఇంచుమించు ఉప్పునీళ్లలాంటిదే. జిడ్డుకు సోడా, తెల్లపొరకు వెనిగర్. దేని పని దానికి విడిగా ఇవ్వండి.

ఆ రెండూ కలిస్తే నష్టం లేదు గానీ, కలిస్తే ప్రాణం మీదికి వచ్చేవి ఉన్నాయి. నాకు పాతికేళ్ల వయసులో బాత్రూము నేల మీద మరక పోవడం లేదని బ్లీచింగ్ నీళ్లు పోశాను. చాలలేదని, కడగకుండానే దాని మీద యాసిడ్ పోశాను. క్షణంలో కళ్లు మండిపోయాయి, గొంతు పట్టేసింది, ఊపిరి అందలేదు. తలుపు తెరిచి ఉండబట్టి బయటికి రాగలిగాను. ఆ వచ్చింది క్లోరిన్ వాయువు. బ్లీచ్‌ను యాసిడ్‌తోనే కాదు, వెనిగర్‌తోనూ, అమ్మోనియా ఉన్న, అద్దాలు తుడిచే ద్రావణంతోనూ కలపకూడదు. ఒకటి వాడాక నీళ్లతో పూర్తిగా కడిగేదాకా రెండోదాని సీసా మూత కూడా తీయకండి. ఈ ఉత్తరంలో ఒక్క మాటే గుర్తుంచుకునేట్లయితే ఈ మాట గుర్తుంచుకోండి.

ఇక రోజువారీ చిన్న చికాకులు.

అడుగంటిన గిన్నెను వెంటనే గీకకండి. మాడు మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంట సోడా వేసి, సన్నని మంట మీద పది నిమిషాలు మరిగించి చల్లారనివ్వండి. చెక్క గరిటెతో తోస్తే పెచ్చులుగా లేచి వస్తుంది. గిన్నె అల్యూమినియందైతే మాత్రం సోడా వద్దు, నల్లబడుతుంది. సబ్బునీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి.

ఉల్లిపాయ కోస్తే కన్నీళ్లు ఎందుకు? దానిలోని కణాలు చితికినప్పుడు ఒక గంధకపు వాయువు పుట్టి కంటికి తగులుతుంది. దాన్ని పుట్టించే ఎంజైమును జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టి 2002లో ప్రకటించారు. మనకు కావలసిందల్లా కణాలు తక్కువ చితకడం, ఎంజైము మందగించడం. కత్తికి పదును పెట్టండి, ఉల్లిపాయను అరగంట ఫ్రిజ్‌లో ఉంచండి. మొద్దు కత్తి కంటికే కాదు, వేలికి కూడా శత్రువు. బలం పెట్టి నొక్కాలి, నొక్కితే జారుతుంది.

ఒకదానిలో ఒకటి ఇరుక్కున్న గాజు గ్లాసులను లాగి విడదీయబోతే పగిలి చేయి కోసుకుంటుంది. లోపలి గ్లాసులో చల్లని నీళ్లు పోసి, బయటి గ్లాసును గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టండి. లోపలిది కుంచించుకుంటుంది, బయటిది వ్యాకోచిస్తుంది, మెల్లగా తిప్పితే ఊడి వస్తుంది. మరుగుతున్న నీళ్లు వాడితే గాజు చిట్లుతుంది. బిగుసుకున్న సీసా మూతకూ ఇదే సూత్రం: మూతను వేడినీళ్ల ధార కింద పట్టండి, గాజుకంటే లోహం ఎక్కువ సాగుతుంది.

బట్ట మీద రక్తం, గుడ్డు, పాలు పడితే చన్నీళ్లే వాడండి. వేడినీళ్లు తగిలితే అందులోని మాంసకృత్తులు ఉడికిన గుడ్డులా గట్టిపడి పోగుల్లో పాతుకుపోతాయి. నూనె మరకకైతే గిన్నెలు తోమే సబ్బు ద్రవం, గోరువెచ్చని నీళ్లు.

కూరలో ఉప్పెక్కువైతే బంగాళాదుంప వేయమంటారు. దుంప ఉప్పును ఏరి తీసుకోదు. ఉప్పునీళ్లను పీల్చుకుంటుందే గానీ, మిగిలిన పులుసు ఉప్పదనం మారదు. నీళ్లో, ఉప్పులేని కూరగాయలో చేర్చి పలచన చేయడమే మార్గం.

చేయి కాలితే మంచుముక్క, వెన్న, టూత్‌పేస్టు ఏదీ రాయకండి. ఉంగరం, గాజులు వెంటనే తీసేసి, పారే చల్లని కుళాయి నీళ్ల కింద 20 నిమిషాలు ఉంచండి. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టుంటుంది, అయినా తీయకండి, లోపలి పొరల్లో వేడి ఇంకా ఉంటుంది. బొబ్బను చిదమకండి. అరచేయంత కాలినా, ముఖం మీద కాలినా ఆసుపత్రికి వెళ్లాలి.

చివరగా, మూకుడులో నూనెకు మంట అంటుకుంటే ఏం చేయాలో చెబుతాను. నీళ్లు పోయాలనే అందరికీ తోస్తుంది, అదే ప్రమాదం. నీళ్లు నూనెకంటే బరువు కాబట్టి అడుక్కు దిగుతాయి. నీరు 100 డిగ్రీలకే మరుగుతుంది, అంటుకున్న నూనె 300 డిగ్రీలు దాటి ఉంటుంది. దిగిన నీళ్లు దిగినట్టే సుమారు 1,700 రెట్లు వ్యాపించి ఆవిరవుతాయి. ఆ విసురుకు మండే నూనె తుంపరలై కప్పు దాకా లేస్తుంది. మూకుడును కదపకండి, ఎత్తి బయటికి తీసుకుపోవాలని చూడకండి. చేయి అందితే స్టవ్వు ఆపేసి, లోహపు మూతను పక్కనుంచి జరిపి పూర్తిగా కప్పేయండి. గాలి అందక మంట చస్తుంది. ఆరిందో లేదో చూద్దామని మూత తీస్తే మళ్లీ అంటుకుంటుంది, బాగా చల్లారేదాకా ముట్టుకోకండి. మంట మూకుడు దాటి పాకితే ఇంకేమీ ఆలోచించకుండా అందరూ బయటికి వచ్చి అగ్నిమాపక దళానికి ఫోను చేయండి.

ఈ ఉత్తరం పక్కన పెట్టి, మీ పెద్ద మూకుడుకు సరిపోయే మూత ఎక్కడుందో ఇప్పుడే వెతికి, పొయ్యికి చేతికందేంత దగ్గరలో తగిలించండి. సరిపోయేది లేకపోతే నాకు రాయండి, నా దగ్గరున్నది పంపిస్తాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ