వీలునామా మన ఇళ్లలోకి ఎలా వచ్చింది

వీలునామా అనే మాటను విడదీస్తే సగం చరిత్ర అందులోనే దొరుకుతుంది. ‘వీలు’ ఇంగ్లీషు ‘విల్’ నుంచి వచ్చింది, ‘నామా’ పారసీ నుంచి. చనిపోయాక ఆస్తి ఎవరికి చెందాలో కాగితం మీద రాసిపెట్టే పద్ధతి హిందూ ధర్మశాస్త్రాల్లో లేదు కాబట్టి, దానికి మాట కూడా బయటి నుంచే తెచ్చుకున్నాం.

మన వైపు పంపకాలకు ఆధారం మితాక్షర అనే సంస్కృత ధర్మశాస్త్ర గ్రంథం. 13వ శతాబ్దంలోనే కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మితాక్షర ప్రకారం పిత్రార్జితంలో కొడుక్కి పుట్టగానే హక్కు వస్తుంది. తండ్రి పోతే ఆయన వాటా మిగతా మగవాళ్లకు దానంతటదే చేరుతుంది. ఇక విడిగా రాసి ఇవ్వడానికి ఏమీ మిగలదు.

కంపెనీ పాలనలో ఈ చిక్కు కోర్టులకెక్కింది. ధర్మశాస్త్రానికి విరుద్ధంగా ఉన్న హిందువుల వీలునామాలు చెల్లవని 1829లో మద్రాసు ప్రభుత్వం రెగ్యులేషన్ తెచ్చింది. ఆ తర్వాత కోర్టులు మెల్లగా ఒక దారి వెతుక్కున్నాయి. మనిషి బతికుండగా దానం చేయగలిగిన ఆస్తిని, పోయేటప్పుడు రాసి ఇవ్వడానికి అడ్డేముందన్నది వాటి వాదన. స్వార్జితానికి ఇది సరిపోయింది. ఉమ్మడి ఆస్తిలో వాటాకు మాత్రం కుదరలేదు. మనిషి కన్నుమూసిన క్షణంలోనే ఆ వాటా మిగతావారికి పోతుందని, వీలునామాకంటే ఆ హక్కే ముందుదని 1874లో మద్రాసు హైకోర్టు చెప్పింది.

తెలుగునాట ఈ చర్చకు పెద్ద ఉదాహరణ పిఠాపురం. రాజా గంగాధర రామారావుకు పిల్లలు లేక ఒక బాలుడిని దత్తత తీసుకున్నారు. చాలా ఏళ్లకు సొంత కొడుకు పుట్టాడు. రాజా 1890లో కన్నుమూశారు. జమీందారీని సొంత కొడుక్కే రాసిపోయారు. దత్తపుత్రుడు కోర్టుకెళ్లారు. కేసు అప్పట్లో మనకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా పోయింది. పంపకం లేకుండా ఒక్కరికే దక్కే సంస్థానంలో కొడుక్కి పుట్టుకతో హక్కు రాదని, అందుకే వీలునామా చెల్లుతుందని 1899లో తీర్పు వచ్చింది. అలా సంస్థానం దక్కినవారే, ఆ తర్వాత సూర్యరాయాంధ్ర నిఘంటువుకు తన పేరిచ్చిన మహారాజా. ఆ దత్తపుత్రుడి వైపు నుంచి ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కొడుకని పిలిచి తెచ్చుకున్నవాడిని ఒక్క కాగితం పక్కన పెట్టేసింది. వీలునామాకు ఎంత బలం ఉందో అక్కడ తెలుస్తుంది.

రాతకోతల నియమాలు కూడా ఒకేసారి రాలేదు. హిందూ వీలునామా రాతపూర్వకంగా ఉండాలని, ఇద్దరు సాక్షులు కావాలని 1870 చట్టం చెప్పినా, మన ప్రెసిడెన్సీలో అది మద్రాసు నగరానికే పరిమితం. జిల్లాల్లో నోటిమాట వీలునామా కూడా చాలాకాలం చెల్లింది. 1927 జనవరి 1 నుంచి రాసిన వాటికి అన్నిచోట్లా ఒకే నియమం వచ్చింది. ఆ నియమమే ఇప్పుడు భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్‌లో ఉంది: రాసినవారి సంతకం లేదా వేలిముద్ర, దానికి ఇద్దరు సాక్షులు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. తెల్లకాగితం మీద తెలుగులో రాసినా చెల్లుతుంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది పెద్దవాళ్లు ఊరికే టెన్షన్ పడుతూ, రేపు చూద్దామంటూ వాయిదా వేస్తుంటారు. ముస్లింల పద్ధతి వేరు. మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప, అప్పులూ అంత్యక్రియల ఖర్చులూ పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి వీలునామాలో రాయకూడదు.

1956లో హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ పాత గోడను పడగొట్టింది. ఉమ్మడి ఆస్తిలో తన వాటాను కూడా మనిషి వీలునామాలో రాయొచ్చని చెప్పింది. ఈ స్వేచ్ఛ చాలా ఇళ్లలో కూతుళ్ల మీదకే వచ్చిందని నా అభిప్రాయం. ‘పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా’ అంటూ, మిగతాదంతా కొడుకుల పేర రాయడం మనం చూసిందే.

దీనికి కొంత అడ్డుకట్ట వేసింది కూడా మన రాష్ట్రమే. 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇస్తూ ఎన్.టి.రామారావు ప్రభుత్వం చట్టాన్ని సవరించింది. 2005లో కేంద్రం పెళ్లయినవారికీ ఆ హక్కు ఇచ్చింది. అప్పటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి తండ్రి ఇప్పుడు పిత్రార్జితమంతా ఒక్క కొడుకు పేరే రాసినా, కూతురి వాటా ఆ కాగితానికి లొంగదు. ఆయన రాయగలిగింది తన వాటా వరకే.

ఆ 2005 సవరణ 30వ సెక్షన్‌లో కూడా ఒక చిన్న మార్పు చేసింది. అంతకుముందు ‘అతను’ అని మాత్రమే ఉన్నచోట ‘అతను లేదా ఆమె’ అని చేర్చింది.