నోటిలో హెచ్‌పీవీ డిస్‌ప్లేసియా: పాథాలజీ దాన్ని ఆలస్యంగా ఎందుకు పోల్చుకుంది?

డిస్‌ప్లేసియా అంటే క్యాన్సర్‌కు దారితీయగల కణాల మార్పు. నోటిలో కొన్నిసార్లు దానికి హ్యూమన్ పాపిలోమా వైరస్ (హెచ్‌పీవీ) కారణం. అయినా నోటి తెల్లమచ్చ బయాప్సీకి వస్తే చాలాకాలం పొగాకు గురించే ఆరా తీసేవారు. వైరస్ ఆనవాలు మాత్రం గర్భాశయ ముఖద్వార పరీక్షల్లో దొరికింది. ముడతలు పడ్డ కేంద్రకం, చుట్టూ ఖాళీ వలయం ఉన్న కణాలకు 1956లో కాస్, డర్ఫీ అనే పరిశోధకులు కొయిలోసైట్లని పేరు పెట్టారు. అవి హ్యూమన్ పాపిలోమా వైరస్ చేసే పని అని 1970ల చివర్లో తేలింది. 1983లో సిర్యానెన్ బృందం నోటి క్యాన్సర్లలోనూ అలాంటి మార్పులు చూసి, వైరస్ పాత్ర ఉండొచ్చంది. అదే ఏడాది జుర్ హౌసెన్ బృందం హెచ్‌పీవీ-16 అనే వైరస్ రకాన్ని బయటపెట్టింది.

1996లో వచ్చిన 'కొయిలోసైటిక్ డిస్‌ప్లేసియా' అనే పేరు చూపును మళ్లీ ఆ వలయం మీదే నిలిపింది. చిక్కంతా అక్కడే. ముదిరిన గాయంలో, అంటే మార్పు వచ్చిన మచ్చలో, కొయిలోసైట్లు తరచూ కనిపించవు. అసలు ఆధారం చనిపోతున్న కణాలు: గులాబీ రంగులో ముడుచుకుపోయి, కేంద్రకం ముక్కలై, నోటి పైపొర అడుగు నుంచి పైదాకా చెదిరి ఉంటాయి. కొన్నిటిలో క్రోమాటిన్ (కేంద్రకంలోని డీఎన్‌ఏ పదార్థం) తునకలు అచ్చం కణవిభజనలా కనిపిస్తాయి. ఇవే మైటోసాయిడ్ కణాలు. వీటిని మైటోసిస్‌గా (కణవిభజనగా) లెక్కపెట్టడం సులువుగా జరిగే పొరపాటు. నిజమైన మైటోసిస్‌లూ పై వరుసల దాకా ఉంటాయి గనక తికమక ఇంకా పెరుగుతుంది. పైన కేంద్రకాలు మిగిలిన కెరాటిన్ పొర. పక్కన మామూలు పొరతో కత్తితో కోసినట్టు సరిహద్దు. 2013లో వచ్చిన అధ్యయనాలు ఈ రూపాన్ని హెచ్‌పీవీ-16తో గట్టిగా ముడిపెట్టాయి. ఎక్కువగా మగవారిలో, నాలుక అడుగున, నోటి నేలమీద కనిపిస్తుంది.

కణాలు అదుపు తప్పకుండా చూసే ప్రొటీన్లు పీ53, ఆర్‌బీ. వైరస్ ఈ6 ప్రొటీన్ పీ53ని, ఈ7 ప్రొటీన్ ఆర్‌బీని దెబ్బతీస్తాయి. ఆర్‌బీ పడిపోతే పీ16 అనే మరో కణ ప్రొటీన్ విపరీతంగా పేరుకుంటుంది. అందుకే పీ16 స్టెయిన్ (దాన్ని చూపే రంగు) కేంద్రకంలోనూ సైటోప్లాజంలోనూ, సందు లేకుండా పట్టీలా పడాలి. అక్కడక్కడ మరకలుగా పడితే ఒప్పుకోకూడదు. పట్టీలా పడ్డా అదొక్కటే చాలదు. ఈ6, ఈ7 ఆర్‌ఎన్‌ఏను కణాల్లోనే చూపే ఇన్ సిటు పరీక్షతో నిర్ధారించుకోవాలి. పీసీఆర్ పరీక్షలో వైరస్ డీఎన్‌ఏ దొరికినంత మాత్రాన సరిపోదు, ఊరికే వచ్చి చేరిన వైరస్ కూడా అందులో పట్టుబడుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 వర్గీకరణ దీన్ని ప్రత్యేక రకంగా గుర్తించింది. స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అనే పాత కొలబద్ద దీనికి సరిగా అతకదు. దాదాపు ప్రతి గాయమూ పై మెట్టు మీదే కూర్చుంటుంది. వైరస్ రకం కదా, మెతకగా ఉంటుందనుకోవడం ప్రమాదం. కొన్ని గాయాల పక్కనే లోపలికి చొచ్చుకుపోయిన క్యాన్సర్ దొరికింది. హెచ్‌పీవీ క్యాన్సర్ చికిత్సకు బాగా లొంగుతుందన్న మాట టాన్సిల్, నాలుక మొదలు భాగాలకు చెందినది. దాన్ని నోటి ముందు భాగానికి అంటగట్టలేం. అంచులు శుభ్రంగా వచ్చేలా పూర్తిగా తీసేసి, ఆ తర్వాత కూడా రోగిని కనిపెట్టుకునే ఉండాలి.