చిన్న వ్యాపారాలు, ప్రాంతీయ వ్యవస్థలు: అపోహలు - వాస్తవాలు

చిన్న వ్యాపారాలకు సలహాలిచ్చే పనిలో ఉన్న మాకు కొన్ని మాటలు పదే పదే వినిపిస్తుంటాయి. వాటిలో కొంత నిజం ఉంటుంది, అందుకే అవి అంత తేలిగ్గా పోవు.

అపోహ: రిజిస్ట్రేషన్ సులువు చేస్తే చాలు, అందరూ లెక్కల్లోకి వస్తారు.

వాస్తవం: ఈ ఆలోచన ఊరికే పుట్టలేదు. 1980ల్లో పెరూ రాజధాని లిమాలో ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో బృందం ఒక చిన్న కుట్టు యూనిట్‌కు పద్ధతి ప్రకారం అనుమతులు తీసుకుంటే 289 రోజులు పట్టింది. తర్వాత చాలా దేశాలు ఫారాలు తగ్గించాయి, సింగిల్ విండోలు పెట్టాయి. మంచిదే. కానీ శ్రీలంకలో పరిశోధకులు రిజిస్టర్ కాని వ్యాపారులకు పద్ధతంతా వివరించి, ఫీజు తిరిగిస్తామన్నా ఫలితం లేదు. సగం నెల నుంచి నెల లాభమంత డబ్బు ఇస్తామంటే సుమారు ఐదో వంతు మంది, రెండు నెలల లాభమంత ఇస్తామంటే సగం మంది ముందుకొచ్చారు. రాని వాళ్లు ఎక్కువగా చెప్పిన కారణం స్థలం కాగితాలు. తాళం ఒక ఆఫీసులో ఉంటే తాళంచెవి ఇంకో ఆఫీసులో ఉందన్నమాట.

అపోహ: దేశమంతా ఒకటే చట్టం కాబట్టి ప్రాంతాన్ని బట్టి తేడా ఉండదు.

వాస్తవం: ఇటలీలో 1970లో ఏర్పడిన ప్రాంతీయ ప్రభుత్వాలకు దాదాపు ఒకే రకం అధికారాలున్నా పనితీరు ఉత్తరాన ఒకలా, దక్షిణాన ఇంకోలా తేలింది. ఉత్తరాన ఎమీలియా-రొమాన్యాలో చిన్న యూనిట్లు ఆర్డర్లు పంచుకుంటూ, సంఘాల ద్వారా అప్పులకు హామీలు సమకూర్చుకుంటూ ఎదిగాయి.

అసలు తన ప్రాంతంలో వ్యవస్థలు ఎలా పనిచేస్తున్నాయో వ్యాపారికి తెలిసేది బిల్లు డబ్బు ఆగిపోయిన రోజున. వసూలు కేసు ఏళ్ల తరబడి నడిచే చోట కొత్త కస్టమర్‌కు అరువివ్వాలంటే టెన్షనే. తెలిసినవాళ్లకే అమ్ముతాడు, వ్యాపారం అంతటితో ఆగుతుంది. దీన్ని 'రిస్క్ తీసుకోలేని మనస్తత్వం' అంటుంటారు. నాకైతే అది తెలివైన లెక్కలానే కనిపిస్తుంది.

అపోహ: బ్యాంకు ఎంత పెద్దదైతే చిన్నవాళ్లకు అంత మేలు.

వాస్తవం: జర్మనీలో స్పార్కాసెన్ అనే పొదుపు బ్యాంకులు ప్రధానంగా తమ ప్రాంతానికే పరిమితం. కాబట్టి పక్కనున్న వర్క్‌షాప్ గురించి బ్యాలెన్స్ షీట్‌లో లేనిది కూడా వాటికి తెలుస్తుంది. బోర్డుల్లో స్థానిక నేతలు కూర్చుంటారన్న విమర్శ ఉంది, కొట్టిపారేసేది కాదు.

అపోహ: మానేసిన ఉద్యోగి పోటీకి రాకుండా ఒప్పందాలు గట్టిగా అమలు చేస్తే ఆ ప్రాంతంలో వ్యాపారాలు నిలబడతాయి.

వాస్తవం: కాలిఫోర్నియాలో 1872 నాటి చట్టం ప్రకారం ఇలాంటి ఒప్పందాలు సాధారణంగా చెల్లవు. సిలికాన్ వ్యాలీ ఎదుగుదలకు పరిశోధకులు చెప్పే కారణాల్లో ఇదొకటి. 1957లో అక్కడి షాక్లీ సెమీకండక్టర్ ప్రయోగశాల నుంచి ఎనిమిది మంది ఉద్యోగులు బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే చిప్‌ల కంపెనీ పెట్టారు. 1968లో ఆ ఎనిమిది మందిలోంచే ఇద్దరు ఫెయిర్‌చైల్డ్‌ను కూడా వదిలేసి ఇంటెల్ పెట్టారు.