కోల్‌స్లాలో నీళ్లు ఎక్కడివి?

సన్నగా తరిగిన క్యాబేజీని చిక్కటి డ్రెస్సింగ్‌తో కలిపి చేసే సలాడే కోల్‌స్లా. కలిపిన కాసేపటి వరకు అది ఎంతో బాగుంటుంది. గంట గడిచేసరికి గిన్నె అడుగున తెల్లటి నీళ్లు చేరతాయి, పైన క్యాబేజీ వడలిపోతుంది. డ్రెస్సింగ్ పలుచనైందనుకుని చాలామంది ఇంకాస్త మయోనైజ్ (గుడ్డు సొన, నూనె గిలక్కొట్టి చేసే చిక్కటి మిశ్రమం) వేస్తారు. ఆ నీళ్లు డ్రెస్సింగ్‌వి కావు, క్యాబేజీవి. క్యాబేజీ బరువులో సుమారు 92 శాతం నీరే. డ్రెస్సింగ్‌లోని ఉప్పు, చక్కెర ముక్కలకు తగలగానే కణాల్లోని నీరు పొరలు దాటి, గాఢత ఎక్కువగా ఉన్న బయటి వైపుకు వస్తుంది. ఇదే ద్రవాభిసరణ. ఉప్పు పట్టించిన మామిడికాయ ముక్కలకు జాడీలో ఊట దిగేదీ ఇందుకే.

ఆ నీటిని ముందే దిగనివ్వడమే మందు. అరకిలో క్యాబేజీని సన్నగా తరిగి, చిన్న చెంచాడు ఉప్పు కలిపి, చిల్లుల గిన్నెలో అరగంట ఉంచండి. తర్వాత గుప్పెడు గుప్పెడుగా తీసుకుని గట్టిగా పిండండి. ఉప్పు ఎక్కువనిపిస్తే ఒకసారి కడిగి, మళ్లీ పిండితే సరిపోతుంది. పిండితే కరకర పోతుందన్న భయం అక్కర్లేదు. కణాల గోడల్లోని సెల్యులోజ్, పెక్టిన్ చెక్కుచెదరవు కాబట్టి ముక్క మెత్తగా వంగినా పంటి కింద కరకరలాడుతుంది.

ఇక డ్రెస్సింగ్. పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాదిపాటు నిషేధించింది. సాల్మొనెల్లా వంటి బాక్టీరియా పచ్చి గుడ్డులో ఉండే అవకాశం ఉంది, మయోనైజ్‌ను ఉడికించం. నా దృష్టిలో అది సరైన జాగ్రత్తే. అలాగని మయోనైజ్ రుచిని వదులుకోనక్కర్లేదు. నూనె, నీరు కలవవు. పచ్చసొనలోని లెసిథిన్, ప్రోటీన్లు నూనె బిందువుల చుట్టూ పొరలా చేరి, అవి మళ్లీ ఒకటి కాకుండా ఆపుతాయి. ఈ పని పాలలోని కేసీన్ ప్రోటీన్ కూడా చేయగలదు.

కాచి బాగా చల్లార్చిన చిక్కటి పాలు 100 మిల్లీలీటర్లు మిక్సీలో వేసి, తిరుగుతుండగా 200 మిల్లీలీటర్ల నూనెను సన్నని ధారగా పోయండి. తొందరపడి ఒకేసారి కుమ్మరిస్తే బిందువులు చిన్నవి కావు, నూనె పైకి తేలుతుంది. మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో వేరుశనగ బాగా పండుతుంది, గానుగ పల్లీ నూనె అంటే నాకు ప్రాణం. అయినా ఇక్కడ దాన్ని సగమే వాడతాను, మిగతా సగం వాసన లేని నూనె. లేకపోతే క్యాబేజీ రుచి తెలియదు.

ఆఖరున నిమ్మరసం. నిమ్మకు పేరున్న నకిరేకల్ మన నల్లగొండ జిల్లాలోనే ఉండగా వెనిగర్ సీసా కోసం వెతకడం ఎందుకు? పాల పీహెచ్ (పులుపును కొలిచే సంఖ్య, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 6.7. పులుపు పడి అది 4.6 వైపు దిగేకొద్దీ కేసీన్ కణాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, మిశ్రమం చిక్కబడుతుంది. ఒక పెద్ద చెంచాడు రసంతోనే ఆ మార్పు కళ్లముందు కనిపిస్తుంది. మిరియాల పొడి, కొద్దిగా చక్కెర, చిటికెడు ఆవపిండి కలపండి. క్యాబేజీని తరిగినప్పుడు ముక్కుకు తగిలే ఘాటుకూ ఆవాల ఘాటుకూ మూలం ఒకే సమ్మేళనం, అల్లైల్ ఐసోథయోసైనేట్. ఆ రెండూ అంత చక్కగా కుదరడానికి అదొక కారణం. ఊదా క్యాబేజీ వాడితే నిమ్మరసం పడగానే గులాబీ రంగుకు మారుతుంది. పిల్లలకు తప్పక చూపించండి.

నూనె తక్కువ కావాలనుకుంటే గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు వాడవచ్చు. రుచి కొంచెం పలుచన, కానీ కడుపుకు తేలిక.

5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బాక్టీరియా వేగంగా పెరుగుతుంది. నల్లగొండ ఎండలు 45 డిగ్రీలు దాటే రోజుల్లో కోల్‌స్లాను గంటకు మించి బయట ఉంచకండి. పిండిన క్యాబేజీని, డ్రెస్సింగ్‌ను ఫ్రిజ్‌లో వేర్వేరుగా పెట్టుకుని, వడ్డించే ముందు కలపండి. రెండు రోజుల్లో తినేయండి.